అద్దె పోర్షన్లలో కరెంటు తనిఖీ: ఎంసీబీలు ఉంటే చాలా?

కూకట్‌పల్లి_టులెట్
నమస్తే అండి. కూకట్‌పల్లిలో జీ ప్లస్ టూ ఇల్లు, పైన రేకుల పెంట్‌హౌస్, మొత్తం ఐదు పోర్షన్లు. 1998లో కట్టింది, వైరింగు అప్పటిదే. ఒకటే త్రీఫేజ్ మీటరు, పోర్షన్లకు సబ్‌మీటర్లు. మెయిన్ దగ్గర ఇంకా పాతకాలపు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులే. పోర్షన్లలో ఎంసీబీలు (లోడు ఎక్కువైతే తామే పడి కరెంటు ఆపే స్విచ్చులు) ఉన్నాయి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) ఎక్కడా లేదు. ఎర్త్ గుంత మెట్ల వెనకాల ఉండేది, పార్కింగ్ టైల్స్ వేసినప్పుడు దాన్ని కప్పేశారు. కింది రెండు పోర్షన్లు ఈ నెలాఖరుకు ఖాళీ అవుతున్నాయి.

మేముండేది ఇంగ్లండులో. ఇక్కడ అద్దె ఇంటికి ఐదేళ్లకోసారి కరెంటు తనిఖీ రిపోర్టు తప్పనిసరి. అలాంటిదే హైదరాబాద్ ఇంటికీ చేయించాలని ఉంది. "ఎంసీబీలు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి" అనే మాటే అక్కడ అందరి దగ్గరా వినబడుతోంది. ఏమేం చూడాలి, ఏ పరీక్షకు ఎంత రీడింగ్ రావాలి, ఎవరితో చేయించాలి, వివరంగా చెప్పగలరా?

మెగ్గర్500
ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, దాని పని అంతవరకే, షాకు నుంచి మనిషిని కాపాడదు. మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే మామూలు ఇళ్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చేది ఫేజులూ న్యూట్రలూ మాత్రమే. ఎర్త్ అంటే మన గుంతే. లీకైన కరెంటు ఆ గుంతలోంచి మట్టిలోకి దిగి, మట్టిలోంచే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ దాకా పోవాలి.

లెక్క వేసి చూడండి. గీజర్ కాయిల్ పగిలి ఫేజు బాడీకి తగిలింది. గుంత రెసిస్టెన్సు 20 ఓమ్స్ అనుకుందాం, ఎండాకాలంలో హైదరాబాద్ రాతి నేలకు అది వింతేం కాదు. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంప్స్. గీజరుకు పెట్టిన 20 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడు, రోజంతా ఉన్నా పడదు. ఈలోగా గీజర్ బాడీ, దానికి బిగించిన ఇనుప పైపు, అదే ఎర్త్ వైరు మీదున్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, అన్నిట్లోనూ కరెంటు ఉంటుంది. గుంత బాగుండి 5 ఓమ్స్ వచ్చిందనుకున్నా లీకయ్యేది 46 ఆంప్సే. సీ కర్వ్ (ఐదు నుంచి పది రెట్ల కరెంటుకు వెంటనే పడే రకం) 20 ఆంప్స్ ఎంసీబీ టక్కున పడాలంటే 100 నుంచి 200 ఆంప్స్ కావాలి. 46కి అది లోపల వేడెక్కి పడేసరికి నిమిషం దాకా పట్టవచ్చు. తడి చేత్తో కుళాయి పట్టుకున్న మనిషికి అంత వ్యవధి ఉండదు.

అదే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటే, గుంత 100 ఓమ్స్‌కు చెడిపోయినా 2.3 ఆంప్స్ లీకవుతుంది. అది పడటానికి కావలసినదానికి డెబ్బై రెట్ల పైమాటే. అందుకే మీ ఇంట్లో మొదటి ఖర్చు పోర్షనుకో ఆర్‌సీసీబీ. మెయిన్‌లో ఒక్కటే పెట్టి ఐదు పోర్షన్లకూ సరిపెట్టొద్దు. ఒకరి ఇస్త్రీపెట్టె లీకైతే ఐదు ఇళ్లకూ కరెంటు పోతుంది, రెండోసారికి ఎవరో ఒకరు దాన్ని తీసేసి డైరెక్ట్ చేయిస్తారు. పోర్షన్లకు 30 మిల్లీ ఆంప్స్, మెయిన్‌లో ఫోర్ పోల్ (మూడు ఫేజులూ న్యూట్రలూ తెంపే) 100 మిల్లీ ఆంప్స్ ఎస్ టైపు పెట్టండి. ఎస్ టైపు కాస్త ఆగి పడుతుంది కాబట్టి ముందు లీకున్న పోర్షనే ఆగుతుంది. పెట్టె మీద ఐఎస్ 12640 నంబరు చూసుకోండి. ఇన్వర్టర్ ఏసీ, కొత్త రకం వాషింగ్ మెషీన్ వాడే ఇళ్లకు ఏసీ టైపు (మామూలు ఏసీ కరెంటు లీకునే పట్టేది) కాకుండా ఏ టైపు (ఎలక్ట్రానిక్ వస్తువుల లీకునూ పట్టేది) తీసుకోండి.

ఆర్‌సీసీబీ చేయలేనివి రెండున్నాయి. ఓవర్‌లోడుకు అది పడదు, అందుకని 40 ఆంప్స్ ఆర్‌సీసీబీకి ముందు 32 ఆంప్స్ డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే) ఎంసీబీ ఉండాలి. మనిషి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కాళ్ల కింద ఎండు చెక్క ఉంటే దానికి తెలియదు.

పర్మిట్_వైర్‌మన్
మీటరు దగ్గర్నుంచి మొదలువెట్టాలె. కిట్‌క్యాట్ ఊడబీకి చూడుండ్రి, శానా ఇండ్లల్ల ఫ్యూజ్ వైరు బదులు మామూలు రాగి పోగు మెలేసి చుట్టి ఉంటది. అది ఫ్యూజు కానే కాదు. అంతకన్న పెద్ద తప్పు న్యూట్రల్‌ల గూడ ఫ్యూజు ఉండుడు, పాత బోర్డులల్ల ఆ అలవాటుండె. మీది త్రీఫేజ్ కాబట్టి ఆ న్యూట్రల్ ఫ్యూజు కొట్టేసినా, దాని స్క్రూ లూజైనా, ఒక ఫేజు మీదున్న పోర్షనూ ఇంకో ఫేజు మీదున్న పోర్షనూ వరుసల పడి 400 వోల్టులు పంచుకుంటయి. లోడు తక్కువున్న ఇంట్ల వోల్టేజీ మీదికి పోయి టీవీ, ఫ్రిజ్ కాలిపోతయి. లోడు ఎక్కువున్న ఇంట్ల బల్బులు గుడ్డిగ ఎలుగుతయి. కిరాయికున్నోళ్లు "ఒక ఇంట్ల డిమ్ము, ఒక ఇంట్ల ఎక్కువ" అన్నరంటే మొత్తం మెయిన్ ఆఫ్ చేసి న్యూట్రలే చూడాలె. మన దగ్గర బాగుంటే స్తంభం మీద జాయింటు లూజైనట్టు, కరెంటోళ్ల 1912 నంబరుకు ఫోన్ చెయ్యాలె.

కిట్‌క్యాట్‌లు మొత్తం పీకేసి ఫోర్ పోల్ ఎంసీబీ పెట్టుండ్రి. సర్వీస్ వైరు అల్యూమినియం అయితే దాన్ని సక్కగ ఇత్తడి టెర్మినల్‌ల దూర్చొద్దు, బైమెటల్ లగ్గు (అల్యూమినియం, రాగి కలిపిన కొస) కొట్టి బిగియ్యాలె. లేకుంటే కొన్నేండ్లకు ఆడ తెల్లటి పొడి పేరుకుని ఏడెక్కుతది.

వైరు సైజు గూడ సూడాలె. 1998 ఇల్లంటే 3/20 (20 గేజి పోగులు మూడు), 7/20 గేజి వైర్లు ఉండొచ్చు. 3/20 అంటే 2.5 స్క్వేర్ అనుకుంటరు గని కొలిస్తే దాదాపు 2 స్క్వేర్ ఎంఎం. 7/20 అయితే 4.6 దాకా వస్తది. 1/18 అంటే 1.2 కన్న తక్కువ. 3/20 మీద 20 ఆంప్స్ ఎంసీబీ పెట్టి ఏసీ నడిపిస్తున్నరంటే ఎంసీబీని 16కు దింపాలె, లేకుంటే 4 స్క్వేర్ కొత్త వైరు గుంజాలె. లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్, 10 ఆంప్స్ దాటొద్దు. గీజరుకు 2.5 సరిపోతది, 3 కిలోవాట్ల గీజరు తీసుకునేది 13 ఆంప్సే.

ఓనరమ్మ_విశాఖ
కాయిల్ పోతే గీజర్ కంపెనీవాళ్లే చూసుకుంటారు అనుకుంటాం కానీ, పాడయ్యేది ముందు సాకెట్టే అండి. 16 ఆంప్స్ సాకెట్ ప్లేటు విప్పి చూడాలి. ఫేజు టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, వైరు తొడుగు రెండంగుళాల మేర గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతుంది. అలా ఉంటే సాకెట్ ఒక్కటి మార్చి వదిలేయకూడదు, ఆ కాలిన ముక్క కోసేసి మెరిసే రాగి కనబడేదాకా వెళ్లి బిగించాలి. వైరు పొడవు చాలకపోతే జాయింటు గోడలో దాచకుండా పెట్టెలోకి తేవాలి.

నా ప్రశ్న వేరు. ఆర్‌సీసీబీ పెట్టించిన ప్రతి పాత ఇంట్లోనూ అది ఊరికే పడిపోతోందని, ఎలక్ట్రీషియన్ వచ్చి తీసేసి వెళ్తున్నాడని వింటుంటాం. పాత వైరింగుకు అది పనికిరాదా?

మెగ్గర్500
పనికొస్తుందండి. ఊరికే పడటం లేదు, పాత తప్పును చూపిస్తోంది. కారణాలు ఎక్కువగా నాలుగే.

ఒకటి, అరువు న్యూట్రల్. మెట్ల లైటుకు ఫేజు కింది పోర్షన్‌ది, న్యూట్రల్ దగ్గర్లో ఉందని పై పోర్షన్‌ది లాగుతారు. అప్పుడు వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు ఒకే ఆర్‌సీసీబీలోంచి పోవు, లైటు వేయగానే రెండూ పడొచ్చు. పట్టుకోవడం తేలికే. ఒక పోర్షన్‌కు ఫేజు, న్యూట్రల్ రెండూ ఆఫ్ చేసి, అక్కడి న్యూట్రల్ బార్ (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) మీంచి ఒక్కో వైరూ విప్పి, కంటిన్యుటీతో అది ఎక్కడికి పోతోందో చూడాలి. విప్పిన న్యూట్రల్ కొసను ముట్టుకోవద్దు. పక్క పోర్షన్ స్విచ్చు ఆన్‌లో ఉంటే బల్బులోంచి 230 వోల్టులు ఆ కొసకు వస్తాయి.

రెండు, రెండు ఆర్‌సీసీబీలు పెట్టి ఇద్దరి న్యూట్రల్ వైర్లనూ ఒకే బార్ మీద బిగించడం. ఎవరి బార్ వారికి ఉండాలి.

మూడు, సాకెట్లో న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేయడం. దీని గురించి వేరే చెప్పాలి, అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

నాలుగు, నిజమైన లీకు. తడి గోడలోని జంక్షన్ బాక్సు, పాడైన గీజర్ కాయిల్, మోటారు వైండింగ్. అన్ని ఎంసీబీలు ఆఫ్ చేసి ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కోటీ వేస్తూ పోతే ఏ లైనులో ఉందో తెలుస్తుంది. ఎంసీబీ సింగిల్ పోల్ అయితే న్యూట్రల్, ఎర్త్ మధ్య లీకు ఇలా దొరకదు. అప్పుడు బార్ మీంచి న్యూట్రల్ కూడా విప్పాలి.

కృష్ణాతీరం
మెగ్గర్ గారు చెప్పిన మూడోది నేను వివరిస్తా. పాత ఇళ్లలో గుంత ఉంటుంది, మెయిన్ బోర్డు దాకా ఎర్త్ వైరూ ఉంటుంది, పై పోర్షన్లలో సాకెట్ల దాకా మాత్రం పచ్చ వైరు లాగి ఉండదు. సాకెట్‌కు మూడో కన్నం ఉంది కదా అని అందులోకి న్యూట్రల్ నుంచి చిన్న ముక్క వైరు వేసేస్తారు. మూడు లైట్ల ప్లగ్ టెస్టర్ పెడితే "అంతా బాగుంది" అని చూపిస్తుంది. ఎప్పుడైనా న్యూట్రల్ ఎక్కడో తెగిందా, ఆ పోర్షన్లో ఆన్‌లో ఉన్న ఏ వస్తువులోంచైనా ఫేజు వచ్చి గీజర్ బాడీ మీద 230 వోల్టులు కూర్చుంటాయి. ఎంసీబీ పడదు, ఫ్యూజూ పోదు.

దాన్ని పట్టుకోవాలంటే మెయిన్ డబుల్ పోల్ ఆఫ్ చెయ్యండి, అంటే న్యూట్రల్ కూడా తెగాలి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపండి, ప్లగ్గులన్నీ పీకండి. మీటర్‌తో సాకెట్ న్యూట్రల్ కన్నానికీ ఎర్త్ కన్నానికీ మధ్య కంటిన్యుటీ చూడండి. కుయ్యిమంటే ఎక్కడో కలిపేశారు. ప్లేటు విప్పితే నల్ల వైరు టెర్మినల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కు రెండంగుళాల ముక్క కంటికే కనిపిస్తుంది. దాన్ని తీసేసి, బోర్డు నుంచి అసలైన ఎర్త్ వైరు లాగాలి. ఫేజు వైరెంత లావో ఎర్త్ వైరూ అంతే, 16 స్క్వేర్ ఎంఎం దాకా అదే లెక్క. పైపులో చోటు లేకపోతే బయట కేసింగ్ కొట్టించండి, అందం తర్వాత చూసుకోవచ్చు.

ఎర్త్ పనిచేస్తోందా అని మావైపు 100 వాట్ల బల్బు ఒక కొస ఫేజుకు, ఒక కొస ఎర్త్‌కు పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే బాగున్నట్టు.

పర్మిట్_వైర్‌మన్
అన్నా, ఆ బల్బు పని కిరాయి ఇంట్ల చెప్పొద్దు. గుంత దగ్గర ఎర్త్ వైరు తెగి ఉన్నదనుకో, ఆ బల్బు ద్వారా ఫేజు ఎర్త్ వైరులకు ఎక్కుతది. ఐదు పోర్షన్లల్ల ఉన్న ప్రతి ఫ్రిజ్ బాడీకి, గీజర్ బాడీకి అదే వైరు పోతది. టెస్టు చేసేటోనికి బల్బు ఎలగలే అని తెలుస్తది, అదే నిమిషంల మీద ఎవరో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వాళ్లకు కొడతది. పైగా బల్బు ఎలిగినా 100 వాట్లంటే 0.43 ఆంప్సే పోతది, 40 ఓమ్స్ గుంతైనా నిండుగనే కనవడ్తది. ఎర్త్ టెస్టర్ తేవాలె, అంతే.

కృష్ణాతీరం
మీరన్నది నిజం తమ్ముడూ, ఒప్పుకుంటున్నా. జనం ఉన్న ఇంట్లో బల్బు పరీక్ష చేయకూడదు.

కూకట్‌పల్లి_టులెట్
చాలా ఉపయోగపడుతోంది, అందరికీ ధన్యవాదాలు. ఇన్సులేషన్ (వైరు తొడుగు) పరీక్ష గురించి కూడా చెప్పండి. పాత వైరంతా పీకి కొత్తది వేయాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేల్చాలనుకుంటున్నా.

మెగ్గర్500
ఖాళీ అయిన పోర్షన్లలోనే సులువుగా అవుతుంది, అందుకే అద్దెకిచ్చే మధ్యలో ఉన్న వారం పోనీయకండి. మెయిన్ ఆఫ్. ప్లగ్గులన్నీ పీకాలి, బల్బులు, ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, సర్జ్ ప్రొటెక్టర్ వైర్లు విప్పాలి. ఇవి విప్పకపోతే 500 వోల్టులకు అవి పోతాయి, లేదా రీడింగ్ తప్పు వస్తుంది. గోడ స్విచ్చులు మాత్రం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్విచ్చు తర్వాతి వైరు పరీక్షలోకి రాదు. ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ టెస్టర్) 500 వోల్ట్ డీసీ కొట్టి చూడాలి. తర్వాత ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య. 1 మెగా ఓమ్ కన్నా తగ్గితే ఆ సర్క్యూట్ తప్పు. 50, 100 వస్తే 1998 వైరైనా సరే, తీయనవసరం లేదు. 2, 3 వస్తే పాసే గానీ నేనైతే ఊరుకోను, సర్క్యూట్లు విడదీసి బాత్రూమ్ గోడ లైను చూస్తాను. ఇంటికి వైరు వయసు కన్నా తేమ ఎక్కువ చేటు.

ఆర్‌సీసీబీ మీద ఉన్న టీ బటన్ దాని లోపలి యంత్రాన్నే పరీక్షిస్తుంది. ఎర్త్ ఉందో లేదో దానికి తెలియదు, గుంత మొత్తం లేకపోయినా బటన్ నొక్కితే పడుతుంది. అందుకని టెస్టర్‌తో మూడు రీడింగులు రాయించండి. 15 మిల్లీ ఆంప్స్‌కు పడకూడదు. 30కి 300 మిల్లీ సెకన్లలోపు పడాలి. 150కి 40 మిల్లీ సెకన్లలోపు. బటన్ మాత్రం అద్దెకున్నవారితో మూడు నెలలకోసారి నొక్కించండి, ఏళ్ల తరబడి కదలని లివరు బిగుసుకుపోతుంది.

పోలారిటీ కూడా చూడాలి. స్విచ్చు ఆఫ్ చేసి హోల్డర్ రెండు పిన్నుల దగ్గరా టెస్టర్ పెట్టండి. వెలిగితే స్విచ్చు న్యూట్రల్‌లో ఉన్నట్టు. బల్బు మార్చేవాడికి అది షాకు.

రెడింగ్_తెలుగు
ఇంగ్లండు సంగతి వచ్చింది కాబట్టి. ఇక్కడ 2020 నిబంధనలు వచ్చాక, ఆ జూలై 1 నుంచి కొత్త అద్దెలకు, 2021 ఏప్రిల్ 1 నుంచి పాతవాటికి ఐదేళ్లకోసారి ఈఐసీఆర్ (కరెంటు తనిఖీ రిపోర్టు) తప్పనిసరి. తనిఖీ అయిన 28 రోజుల్లో కాపీ అద్దెదారుకు చేరాలి, కొత్తవారికి దిగకముందే ఇవ్వాలి. లోపాలకు కోడులుంటాయి. సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం, తనిఖీ చేసినవాడు వెళ్లేలోపే దాన్ని ఆపాలి. సీ2 అంటే ప్రమాదం జరిగే వీలుంది. సీ3 అంటే మెరుగుపరిస్తే మంచిది. ఎఫ్‌ఐ అంటే ఇంకా లోతుగా చూడాలి. సీ1, సీ2, ఎఫ్‌ఐలలో ఏ ఒక్కటున్నా రిపోర్టు ఫెయిల్, 28 రోజుల్లో లేదా రిపోర్టులో రాసిన ఇంకా తక్కువ గడువులో సరిచేయించాలి. 2020 నిబంధనల్లో జరిమానా 30,000 పౌండ్ల దాకా పెట్టారు.

రూపం తెచ్చుకోండి గానీ నంబర్లు అలాగే దింపకండి. ఇక్కడ చాలా ఇళ్లకు ఎర్త్ కూడా కంపెనీ వైరులోనే వస్తుంది, ఫాల్టు వస్తే వందల ఆంప్స్ పారి ఎంసీబీయే పడిపోతుంది. మెగ్గర్ గారి లెక్క ప్రకారం హైదరాబాద్‌లో అలా కాదు. అందుకని ఇక్కడ కొన్నిచోట్ల ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటిదే) లేకపోతే సీ3 రాసి వదిలేస్తారు, మీ ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోవడాన్ని సీ2 కిందే రాయించండి. న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపిన సాకెట్ దొరికితే అది సీ1.

మెగ్గర్500
మన దగ్గర నిబంధన లేదనుకోవద్దు. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010 భద్రతా నిబంధనల్లోనే ఐదేళ్లకు మించకుండా తనిఖీ జరగాలని ఉంది, వాటి స్థానంలో 2023వి వచ్చాయి. ఇళ్లకు లీకేజీ రక్షణ 30 మిల్లీ ఆంప్స్ దాటకూడదన్నదీ అందులోదే. మీ ఇంటి లాంటి వాటికి తలుపు తట్టి వచ్చి చూసేవారు మాత్రం ఉండరు, ఓనరే పూనుకోవాలి. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలైతే కరెంటు ఇవ్వకముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ చూడాలి.

ఎవరితో అంటే, లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన కాంట్రాక్టర్ లైసెన్సు, సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్నవారితో. పర్మిట్ గడువు తేదీ చూడండి. ఫోన్లోనే ఒక మాట అడగండి, "మెగ్గర్, ఎర్త్ టెస్టర్, ఆర్‌సీసీబీ టెస్టర్ మూడూ తెస్తారా?" అని. టెస్టర్ స్క్రూడ్రైవర్ చాలు అనేవారైతే ఇంకొకరిని చూసుకోండి.

అద్దెదారు_మాట
అద్దెకున్నవాళ్ల వైపు నుంచి కొన్ని. ఒక గదికి ఒకే సాకెట్ ఇస్తే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఇస్త్రీపెట్టె, కెటిల్, కూలర్ పెట్టక ఏం చేస్తారు? బాత్రూమ్‌లో గీజర్ లేకపోతే బ్యాచిలర్లు హీటర్ రాడ్ బకెట్లో వేస్తారు. ఓనర్ ఒక గీజర్ పెట్టిస్తే ఆ ప్రమాదం మొత్తం పోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పై కిటికీలోంచి వైరు వేలాడేయకుండా పార్కింగ్‌లో మూతున్న 16 ఆంప్స్ సాకెట్, దానికి సొంత ఆర్‌సీసీబీ ఇవ్వండి.

ఇంకొకటి, ట్రిప్ అయిన ప్రతిసారీ "మీ సామానులో తప్పు" అంటారు. పోర్షన్ అప్పగించేటప్పుడే రీడింగుల కాగితం ఉంటే ఆ గొడవే ఉండదు.

ఓనరమ్మ_విశాఖ
కాగితం మాట బాగా చెప్పారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం షెడ్యూలులో లోపలి, బయటి వైరింగు ఓనర్ బాధ్యత, స్విచ్చులు, సాకెట్లు, గీజరు, సర్క్యూట్ బ్రేకర్ల రిపేరు అద్దెదారు బాధ్యత అని రాశారు. స్విచ్చుల వరకు సరే. బ్రేకర్లు అద్దెదారుకు వదలడం నాకు నచ్చదు. పాడైన 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ తీసి చవకని ఐసోలేటర్ పెట్టించేస్తే మనకు తెలియదు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అగ్రిమెంటులో "డీబీ (ఎంసీబీల బోర్డు) లోపల ఏ పనైనా ఓనర్ పంపిన మనిషే చేయాలి, ఖర్చు ఓనర్‌దే" అని రాసుకోవడం మంచిది. డీబీ మూత లోపల తెలుగులోనూ హిందీలోనూ ఏ ఎంసీబీ దేనిదో అంటించండి.

కృష్ణాతీరం
పోర్షన్ల బయట ఉన్నవి మర్చిపోతారు, అక్కడా ప్రాణాలు పోతాయి. డాబా మీద బట్టలారేసే జీఐ (జింకు పూత ఇనుప) తీగ దండెం, దాని ఒక కొస సర్వీస్ వైరు కట్టిన ఇనుప బ్రాకెట్‌కే ముడేసి ఉంటుంది. వైరు తొడుగు బ్రాకెట్ అంచుకు ఒరుసుకుని తెగితే వాన పడ్డ రోజు దండెమంతా కరెంటే. సర్వీస్ వైరు అంటే మీ ఆర్‌సీసీబీకి ముందున్న వైరు, కాబట్టి అది కాపాడదు. దండేనికి నైలాన్ తాడు కట్టండి. పెంట్‌హౌస్ రేకుల అంచు మీదుగా వైరు పోతుంటే పీవీసీ పైపులోకి మార్పించండి. ఇనుప గేటు లైటు, మెట్ల లైటు, బోరు మోటారు, సంపు మోటారు అన్నీ కామన్ లైనులో వేరే ఆర్‌సీసీబీ కిందకు తేవాలి. సంపులోకి దిగేముందు మోటారు స్విచ్చు ఒక్కటి ఆపితే చాలదు, ఎంసీబీ దించి ప్లగ్ పీకాలి.

ఇన్వర్టర్ ఉన్న పోర్షన్‌కు ప్లగ్ ఆర్‌సీసీబీ తర్వాతి వైపు నుంచే ఇవ్వాలి, దాని న్యూట్రల్ కూడా అదే ఆర్‌సీసీబీ తర్వాతి బార్ మీదే. లేకపోతే రోజూ పడుతుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ముందున్న ఆర్‌సీసీబీ ఆ లైన్లను కాయదు, కాబట్టి గీజర్, వాషింగ్ మెషీన్, బాత్రూమ్ సాకెట్లు ఇన్వర్టర్ లైనులో కలపొద్దు.

కూకట్‌పల్లి_టులెట్
ఇలా అనుకుంటున్నాను. ఖాళీ అయిన రెండు పోర్షన్లలో ముందు న్యూట్రల్-ఎర్త్ ముక్కలు వెతికి తీయించడం, పచ్చ వైరు లాగించడం, మెగ్గర్, ఆ తర్వాత ఆర్‌సీసీబీ. మెయిన్ కిట్‌క్యాట్‌లు, న్యూట్రల్ ఫ్యూజు ఒక ఆదివారం పగలు ఆపి మార్చడం. మిగతా మూడు పోర్షన్లకు ఆర్‌సీసీబీలు ఇప్పుడే పెట్టి, సాకెట్లు ఒక్కోరోజు చొప్పున. దండెం, రేకుల మీద వైరు ఈ వారమే. టైల్స్ కింద ఉన్న ఎర్త్ గుంత సంగతి తేలలేదు, పగలగొట్టాలా?

పర్మిట్_వైర్‌మన్
వరుస మంచిగున్నది, ఒక్క మార్పు. మెయిన్ న్యూట్రల్ పని అన్నిటికన్న ముందల పెట్టుండ్రి, ఐదు ఇండ్ల సామాన్లు దాని మీదనే ఉన్నయి. మూడు పోర్షన్లల్ల ఆర్‌సీసీబీ పెట్టిన రోజే పడితే డైరెక్ట్ చేసి పోవొద్దని పనోనికి ముందే చెప్పుండ్రి.

పాత గుంత కోసం టైల్స్ పగలగొట్టకుండ్రి. కాంపౌండ్ గోడ పొంటి, బిల్డింగు పునాదికి కనీసం మీటరున్నర దూరంల కొత్తది తవ్వాలె. 40 ఎంఎం జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడుగు, కింది భాగానికి కన్నాలు. సుట్టు బొగ్గు, ఉప్పు వరుసలు వేస్తరు, ఉప్పు పైపును తినేస్తది కాబట్టి బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే మట్టి పొడి) దొరికితే అదే మేలు. మీద ఇటుక గూడు, తీసేటట్టు మూత, టైల్ లెవెల్‌ల. మళ్ల ఎవడు కప్పొద్దు. రాయి తగిలి లోతు పోకుంటే రెండు గుంతలు తవ్వి కలపాలె, నడుమ ఐదు మీటర్ల దూరముంటే మంచిది. రీడింగ్ తీసేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి ఇంటి ఎర్త్ వైరు గుంత దగ్గర విప్పాలె. లేకుంటే ఇంటి ఇనుము, నీళ్ల పైపులు గూడ కలిసి గుంత మంచిగున్నట్టు తక్కువ చూపిస్తది. విప్పి తీసినంక 5 ఓమ్స్ లోపల వస్తే బాగ వచ్చినట్టు. ఆ అంకె, తేదీ మూత లోపట పెయింటుతోని రాపియ్యుండ్రి. వచ్చే మే నెలల నేల ఎండినప్పుడు ఇంకోసారి తీసి దాని పక్కనే రాయాలె.